ఖాళీ ట్యాంకు నిండిందని చెప్పిన రోజు

దయ్యాల మాట ఎత్తితే మా అవ్వనే కసిరేదాన్ని. గొర్రెలు మేపుకుంటూ పెరిగినదాన్ని. శ్మశానం పక్క గట్టు మీద కూర్చుని సద్దిమూట విప్పుకొని తిన్నదాన్ని. ఎవరికైనా గాలి సోకిందంటే ముందు జ్వరం బిళ్ళ మింగమనేదాన్ని. ఇప్పటికీ నమ్మకం లేదు. అందుకే ఈ సంగతి ఎక్కడ పెట్టుకోవాలో తెలియక సతమతమవుతున్నాను. నాకు సంతకం వరకే వచ్చు. నేను చెబుతుంటే పక్కింటి టీచరమ్మ రాసింది.

మా ఆయన వెంకటరాముడు పెనుకొండ దగ్గర ఒక గుట్ట మీదున్న నీళ్ళ ట్యాంకుకు కాపలా మనిషి. కింది పల్లెలకు ఆ ట్యాంకు నీళ్ళే. నీళ్ళు ఎక్కించే పంపు మాత్రం చాలా దూరంలో, ధర్మవరం పోయే దారిలో ఉన్న పంప్‌హౌసులో ఉంటుంది. మా ఆయన గుండెనొప్పితో పోయాక కాపలా పని నాకిచ్చారు. నా ఒక్క కొడుకు అంజి ట్యాంకులు కడిగే కూలికి పోతాడు.

ట్యాంకు పక్కన గది, గదిలో ఒక పాత ఇనుప పెట్టె. ట్యాంకు నీళ్ళ మీద ఒక డబ్బా తేలుతూ ఉంటుంది. అది ఎంత ఎత్తులో ఉందో చూసుకుని పెట్టె టెలిఫోను తీగ మీద పంప్‌హౌసుకు చెబుతుంది. ఖాళీ అని చెబితే అక్కడ పంపు తనంతట తానే తిరుగుతుంది. నిండిందంటే ఆగుతుంది.

ట్యాంకు కడగడానికి మనుషులు లోపలికి దిగినప్పుడే భయం. అప్పుడు ట్యాంకు ఖాళీ కదా, పెట్టె ఖాళీ అనే చెబుతుంది. పంపు తిరిగిందంటే నడుమంత లావు గొట్టంలోంచి నీళ్ళు ఒక్కసారిగా దూకుతాయి. లోపలున్న మనిషిని గోడకేసి కొడతాయి. నిచ్చెన పట్టుకునే వ్యవధి ఉండదు.

అందుకని కడిగే రోజు మా ఆయన ఆ డబ్బాను పైకెత్తి తువ్వాలుతో కట్టేవాడు. పెట్టె నిండిందనుకునేది. పంప్‌హౌసులో ఉండే నాగరాజు కూడా పంపు తనంతట తాను తిరగకుండా స్విచ్చి మార్చేవాడు. ఒకటి తప్పినా ఇంకొకటి కాపాడాలని ఆ రెండు జాగ్రత్తలు.

రోడ్డు తవ్వినప్పుడల్లా ఆ టెలిఫోను తీగ తెగేది. చివరకు దాన్ని వదిలేసి ఫైబర్ వేశారు. హిందూపురం నుంచి సురేష్ అనే ఇంజినీరు వచ్చి మా గదిలో ఒక రౌటరు, పంప్‌హౌసులో ఒక రౌటరు పెట్టాడు. పాత పెట్టెను మాత్రం ఉంచి, దాని తీగను రౌటరుకు తగిలించాడు. దీన్ని పారేసి కొత్తది పెట్టకూడదా అని అడిగాను.

"కొత్తదానికి శాంక్షను కాలేదక్కా. ఇది ముసిలిది, ఆపకుండా ఒకే వరసలో మాట్లాడతా ఉంటాది. కొత్త దారిలో మాటల్ని మూటలు కట్టి పంపాల. ఆడ విప్పి మళ్ళా అదే వరసలో పలికించాల. దానికి ఒక పక్క క్లాక్, అంటే తాళం మాదిరి, ఇయ్యాల, రెండో పక్క దాన్ని పట్టుకోని నడవాల."

"చెక్కభజనలో గురువు మాదిరా సారూ?"

"అంతే. గురువు అడుగేస్తేనే మిగిలినోళ్ళు వేసేది."

ఆ సాయంత్రం వరకు తంటాలు పడ్డా రౌటరు మీద ఎర్రలైటు పోలేదు. లైను లేవలేదు, రేపు మధ్యాహ్నం వచ్చి చూస్తానని చెప్పి వెళ్ళాడు. అంతవరకు పంపు చేత్తోనే వేసుకోమని నాగరాజుకు ఫోను చేశాడు. నా ముందే చేశాడు.

మర్నాడు పొద్దున ట్యాంకు కడిగే పని. అంజి, ఇంకో ముగ్గురు వచ్చారు. నేను డబ్బాను కట్టబోతుంటే అంజి నవ్వాడు.

"మూగ పెట్టెకు అబద్ధం నేర్పిస్తాండావా అమ్మా? లైనే లేదు కదా. దాని నిండా పాచి ఉండాది, దాన్నీ కడగాల."

వాడి మాటా సబబే. డబ్బాను కిందికి దింపి ట్యాంకు నేల మీద పడేశారు. నలుగురూ లోపల చీపుర్లతో రుద్దుతుంటే నేను పైన మూత దగ్గర కూర్చున్నాను. బ్లీచింగు పొడి కోసం మధ్యలో గదిలోకి వెళ్ళాను. రౌటరు మీద లైటు ఎర్రగానే ఉంది. ఇది నా కళ్ళతో చూసింది.

ఎండ నెత్తికెక్కేసరికి పని అయిపోయింది. నలుగురూ పైకొచ్చి కాళ్ళు కడుక్కుంటున్నారు. అప్పుడు నాగరాజు ఫోను.

"అక్కా, నీళ్ళు రాలేదని ఊరోళ్ళు నన్ను తిడతాండారు. ఈడ చూస్తే ట్యాంకు నిండుగా ఉండాది. వాల్వు గాని మూసినావా?"

"నిండుగా యాడుండాదప్పా? అడుగు నేల కనపడతాంది. మావోళ్ళు కడిగి ఇప్పుడే పైకొచ్చినారు."

 

"కడిగేది ఈ పొద్దేనా?" అన్నాడు. "నేను ఆటోమేటిక్‌లో పెట్టినానక్కా. పొద్దున్నే పెట్టినా."

పొద్దున డ్యూటీకి వచ్చేసరికి వాడి వైపు రౌటరు మీద పచ్చలైటు ఉందట. బోర్డు మీద ట్యాంకు నిండింది అని చూపిస్తోందట. ఇంజినీరు రాత్రికి రాత్రే బాగుచేశాడనుకుని స్విచ్చి మార్చి, పల్లెలో వాల్వులు తిప్పడానికి వెళ్ళిపోయాడు. కడిగే సంగతి మతికి లేదన్నాడు. అంటే నా కొడుకు ట్యాంకులో ఉన్నంతసేపూ, ఖాళీ అని ఒక్క మాట అక్కడికి చేరితే పంపు తిరిగేది. ఆపడానికి మనిషి కూడా లేడు.

ఫోను అట్లాగే పట్టుకుని అంజిని చూశాను. వాడు గోళ్ళ సందుల్లో పొడి గీక్కుంటూ, చీపురు పట్టడం కూడా రాదని పక్కవాణ్ణి ఏడిపిస్తున్నాడు.

సురేష్ సారు ముందు పంప్‌హౌసుకు, తర్వాత గుట్టకు వచ్చాడు. అప్పటికి కూడా అక్కడ పచ్చలైటే, మా దగ్గర ఎర్రలైటే. నేల మీద పడి ఉన్న డబ్బాను చూశాడు. ల్యాప్‌టాప్ తగిలించి చాలాసేపు చూసి తల పట్టుకున్నాడు.

"తప్పు నాదే అక్కా. క్లాక్ ఎదుటి పక్క నుంచి తీసుకోమని రెండు పక్కలా పెట్టేసినా. ఎవరూ ఇయ్యకుండా ఇద్దరూ కాచుకోనుంటే లైను యాడ లేస్తాది?"

"మరి ఆడ పచ్చలైటు?"

"అదే అర్థం కావడంలేదు. క్లాక్ లేకుంటే ఒకోసారి పిచ్చి అక్షరాలు వస్తాయి. అది నిండిందని పొరపాటుగా చూపించిందనుకుందాం. కానీ పిచ్చి మాట నిలకడగా ఉండదక్కా, మారతా ఉంటాది. ఇది పొద్దున్నుంచి ఒకే మాట మీద నిలబడుండాది."

సంగతి తెలిసి మా అత్త ఏడ్చింది. "నా కొడుకే వచ్చి బిడ్డను కాచినాడు" అంది. ఊళ్ళోనూ అదే మాట. నాకు మాత్రం ఒప్పుదల కావడంలేదు. మా ఆయన ఎరిగింది ఆ డబ్బా, ఆ తువ్వాలు. వచ్చి ఉంటే డబ్బా దగ్గరికి రావాలి. అది నేల మీదే ఉంది, ఎవరూ పైకెత్తలేదు. ఆయన పోయేనాటికి ఈ రౌటరు ఊసే లేదు. సెల్‌ఫోనులో నెంబరు కూడా అంజి చేత నొక్కించుకునే మనిషి. ఆయన కాదంటే ఇంకెవరు? ఎవరూ కాదంటే మరి అదేమిటి? ఎటు తిప్పినా నా బుర్రకు ఎక్కడం లేదు.

సారు సరిచేయబోతే ఆగమన్నాను. ఎందుకు ఆగమన్నానో అప్పుడు నాకే తెలియదు.

"ఇది సరిచేస్తే, ఇంతసేపూ గురువు మాదిరి తాళం వేసినోళ్ళు ఏమైతారు సారూ?"

"ఎవరూ లేరక్కా. ఎవరూ ఉండేకి లేదు. ఉండేకి లేదు కాబట్టే నాకూ దీన్ని ముట్టుకునేకి మనసు రావడంలేదు."

పంపు తనంతట తాను తిరగకుండా స్విచ్చి మార్చమని నాగరాజుకు చెప్పి, మా పక్క రౌటరు క్లాక్ ఇచ్చేలా మార్చాడు. మా దగ్గర కూడా పచ్చలైటు వచ్చింది. ఆ క్షణమే నాగరాజు సారుకు ఫోను చేశాడు. "ఖాళీ అని చూపిస్తాందన్నా" అన్నాడు. సారు ఫోను పెట్టేసి నా వైపు చూశాడు.

అప్పటి నుంచి ఆ లైను ఒక్కసారి కూడా తప్పు చెప్పలేదు. ఖాళీ అయితే ఖాళీ అంటుంది, నిండితే నిండిందంటుంది. పై నుంచి వచ్చిన ఇంజినీర్లు కూడా చూసి, కారణం తేల్చకుండానే పోయారు.

ఇప్పుడు కడిగే రోజు వస్తే డబ్బాను అంజి కట్టుకుంటాడు. నేను పొద్దున బస్సుకే పంప్‌హౌసుకు వెళ్ళి స్విచ్చి ముందు ముక్కాలిపీట వేసుకుని కూర్చుంటాను. "నా మీద నమ్మకం లేదా అక్కా?" అని నాగరాజు నిష్ఠూరంగా అంటాడు. టీ తెచ్చిస్తాడు. తాగుతాను గాని లేవను. పైకొచ్చేసినానమ్మా అని అంజి ఫోను చేసేదాకా ఆ స్విచ్చి మీద నుంచి చూపు తిప్పను.

ఆ రోజు నేను అక్కడ లేను. నా బదులు అక్కడ ఎవరు కూర్చున్నారో, అసలు ఎవరైనా కూర్చున్నారో లేదో, ఈ రోజుకీ నాకు తెలియదు.