మామా పొట్టి తూటాలు

ఆ రోజుల్లో నేను నిద్రలో తప్ప మిగతా వేళలన్నిటా కలలు కంటూ ఉండేదాన్ని. రాజోలు పక్క నుంచి కువైట్ వచ్చి, ఫహాహీల్‌లో ఒక పెద్దావిడ ఇంట్లో పనికి కుదిరిన కొత్త. ఇరవై దాటి ఎంతో కాలేదు. గిన్నెలు తోముతూ తోముతూ కుళాయి ధారని చూస్తూ నిలబడిపోయేదాన్ని. ఇస్త్రీ చేస్తూ చేస్తూ కిటికీలోంచి సముద్రం వైపు చూసేదాన్ని. (అలా చూసిన ఒక సాయంత్రం దిండు గలేబు మీద అచ్చం ఇస్త్రీ పెట్టె ఆకారంలో గోధుమరంగు మచ్చ పడింది. ఆ గలేబు నాకే ఇచ్చేశారు, గుర్తుగా ఉంచుకోమని.) అటువంటి మనిషిని పట్టుకుని, క్షణాల్లో తేలిపోయే ఒక పోటీకి టైము చూడమన్నారంటే, అడిగినవాళ్లది ధైర్యం అనాలో, వేరే దిక్కులేకపోవడం అనాలో ఇప్పటికీ నాకు తెలియదు.

ఆ అడిగింది మా మామాయే. పనిచేసే ఇంటి యజమానురాల్ని ఇక్కడ మేమందరం మామా అనే పిలుస్తాం. ఆవిడ బడిలో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. పొట్టిగా, బొద్దుగా, దొండకాయల్లాంటి వేళ్లతో ఉండేవారు. అటువంటావిడకి రివాల్వర్ పోటీల పిచ్చి అంటే మా ఊళ్లో ఇప్పటికీ ఎవరూ నమ్మరు. ఆవిడ నాన్నగారు కూతురికీ కొడుక్కీ ఇద్దరికీ గురి చూసి కాల్చడం నేర్పి, చివరికి తన రివాల్వర్‌ని మాత్రం కూతురికి ఇచ్చి వెళ్లారట. ఆ సంగతి తమ్ముడి మనసులో ముల్లులా ఉండిపోయింది. ఆయనకి దువ్వి దువ్వి పెంచిన మీసాలు. నేనూ, ఆ ఇంటి డ్రైవరన్నయ్యా ఆయనకి చాటుగా మీసాల బాబా అని పేరు పెట్టుకున్నాం. (యజమానుల ఇంటి మగవాళ్లని ఇక్కడ బాబా అంటాం.) అన్నయ్యది నిజామాబాద్ దగ్గర పల్లె. నన్ను చెల్లె అనేవాడు.

గొడవంతా రీలోడు దగ్గర వచ్చింది. ఆ పోటీలో వరసగా నిలబెట్టిన ఇనప పళ్లేల్ని కొట్టాలి. ఆరు తూటాలు అయిపోగానే ఖాళీ గొట్టాలు కింద పడేసి, మళ్లీ ఆరు నింపి, మిగిలిన పళ్లేలు కొట్టాలి. గడియారం మాత్రం ఆగదు. ఒక పోటీలో మా మామాకి సరిగ్గా అక్కడే ఖాళీ గొట్టాలు పూర్తిగా బయటికి రాకుండా సగంలో వేలాడాయి. ఆవిడ రివాల్వర్‌ని సాస్ సీసా విదిలించినట్టు విదిలిస్తూ నిలబడ్డారట, క్లబ్బు జనమంతా చూస్తుండగా. ఆ శుక్రవారం మధ్యాహ్నం భోజనాల దగ్గర మీసాల బాబా ఆ విదిలింపుని చెంచాతో చేసి చూపించారు. నేను మాంసం పళ్లెం పట్టుకుని గుమ్మంలోనే ఆగిపోయాను. (వాళ్ల అరబ్బీని, మామా నాతో మాట్లాడే సగం హిందీ సగం అరబ్బీని నాకు అర్థమైనంతలో తెలుగులో రాస్తున్నాను.)

"అక్కా, నాన్న వస్తువు నీ చేతిలో వృథా అయిపోతోంది. నాకిచ్చెయ్. నువ్వు కూర్చుని చూడు" అన్నారాయన.

మామా అన్నం కలపడం ఆపలేదు. "వచ్చే పోటీలో నన్ను దాటితే తీసుకుపో. దాటకపోతే ఇక ఆ మాట ఎత్తకు. ఖలాస్" అన్నారు. కానీ ఆయన వెళ్లిపోయాక చాలాసేపు ఆ కుర్చీలోనే ఉండిపోయారు. ఆవిడ అంత చిన్నగా కనిపించడం అదే మొదటిసారి.

కొన్నాళ్లకి డ్రైవరన్నయ్య ఒక పార్సిలు తెచ్చాడు. అసలు రివాల్వర్ క్లబ్బులోనే తాళంలో ఉంటుంది. ఇంట్లో సాధనకి అదే కొలతల్లో పేలని నకలు ఒకటుండేది. పార్సిల్లో వచ్చినవి దానికి సరిపోయే మందు లేని ఉత్తుత్తి తూటాలు, రెండు రకాలు. మామా మా ఇద్దర్నీ భోజనాల బల్ల ముందు నిలబెట్టి పాఠం మొదలుపెట్టారు. తూటాకి ముందు గుండు, వెనక ఇత్తడి గొట్టం. గుండు రెండింటికీ ఒకటే, గొట్టమే ఒకదానికి పొడుగు, ఒకదానికి పొట్టి. ఖాళీ గొట్టాల్ని బయటికి నెట్టే కడ్డీ పొట్టిది కాబట్టి పొడుగు గొట్టాలు సగంలో ఆగిపోతాయి, పొట్టివైతే పూర్తిగా జారిపోతాయి, నింపేటప్పుడు కూడా తొందరగా దిగుతాయి. ఇవన్నీ వెళ్లే చోటుని సిలిండర్ అంటారు. (నాకు వెంటనే వంటింట్లో గ్యాసు అయిపోవచ్చిందని గుర్తొచ్చింది. ఆ తర్వాతి పాఠం కొంత నాకు దక్కలేదు.) ఆరు తూటాల్నీ కలిపి పట్టుకునే పల్చటి ఇనప బిళ్లని వాళ్లు మూన్ క్లిప్ అంటారట. అంటే చందమామే కదా. ఆ పేరు విన్నాక నా మనసు ఇక ఆ గదిలో లేదు.

"ఇడ్లీ పళ్లెం లెక్కుంది చెల్లె" అని అన్నయ్య నా చెవిలో గొణిగాడు.

అలా మొదలయ్యాయి ఆ మధ్యాహ్నాలు. మందపాటి తెరలు దించి ఉండేవి. ఏసీ సన్నగా రొద పెడుతుండేది. బల్ల మీదా కిందా దుప్పటి పరిచి, ఇంటి గౌను మీద తోలు బెల్టు పెట్టుకుని, బెల్టుకి చందమామలు గుచ్చుకుని మామా నిలబడేవారు. ఆవిడ యల్లా, అంటే ఇక కానివ్వమని, అనగానే నేను ఫోనులో టైము మొదలుపెట్టాలి, సిలిండర్ మూసిన చప్పుడు కాగానే ఆపాలి. పని అంతే. కానీ ఆ గొట్టాలు దుప్పటి మీద పడే చప్పుడుందే, అది పొగడపూలు రాలినట్టు మెత్తగా ఉండేది. తెర అంచునుంచి ఒక్క గీత వెలుగు లోపలికొచ్చి ఇత్తడి మీద మెరిసేది. నేను దాని వెంట పోయేదాన్ని.

"బింత్, ఎంత?" అనేవారు మామా. (బింత్ అంటే పిల్లా అని.)

నేను ఉలిక్కిపడి ఫోను చూసి, ఉన్నదున్నట్టు చదివేదాన్ని.

ఒకరోజు అలా చదవగానే మామా బెల్టు విప్పి బల్ల మీద పెట్టారు. "నువ్వు చెప్పిన టైములో నేను తూటాలు నింపి, భోజనం చేసి, కునుకు కూడా తీయొచ్చు" అన్నారు. ఆ రోజు నుంచి ఫోను డ్రైవరన్నయ్య చేతికి వెళ్లింది. నాకు రాలిన గొట్టాలు ఏరే ఉద్యోగం వచ్చింది. నిజం చెప్పొద్దూ, నాకదే బాగుంది.

అన్నయ్య లెక్కలో పొట్టివే గెలుస్తూ వచ్చాయి. అయినా మామా తేల్చుకోలేకపోయారు. ఒక మధ్యాహ్నం రెండు రకాల్నీ రెండు అరచేతుల్లో పెట్టుకుని కూర్చుని, "నాన్న ఎప్పుడూ పొడుగువే వాడేవారు. ఇవి చూస్తే ఇవేం బొమ్మలని నవ్వేవారేమో" అన్నారు. ఏదో ఒకటి అనాలి కదా అని నేను, "పొట్టివైతే చప్పుడు బాగుంటుందండీ మామా. పొడుగువి పడితే చెంచాలు పడ్డట్టుంటుంది" అన్నాను. మామా నావంక చూసి, కళ్లు తుడుచుకునేదాకా నవ్వారు. మర్నాడు క్లబ్బుకి ఫోన్ చేసి అసలు తూటాలు పొట్టి గొట్టాల్లోనే తయారుచేయమని చెప్పారు.

పోటీకి మమ్మల్నిద్దర్నీ తీసుకెళ్లారు. చలికాలం ఎండ, ఇసక మీద పల్చగా పరుచుకుని ఉంది. మేము అద్దాల వెనక, చెవులకి డిప్పలు పెట్టుకుని నిలబడ్డాం. మీసాల బాబా ముందు కాల్చారు. తడబాటు లేకుండా, పొందిగ్గా ముగించారు. తర్వాత మామా. ఆరు తూటాలకి ఆరు పళ్లేలు వాలిపోయాయి. ఆవిడ అరచెయ్యి కడ్డీ మీద పడింది. ఆరు గొట్టాలూ కలిసికట్టుగా జారాయి, రెండో చందమామ వెళ్లి కూర్చుంది, సిలిండర్ మూసుకుంది. ఇంట్లో ఎన్నిసార్లు చేసినా అంత అందంగా ఎప్పుడూ రాలేదు.

అది ఆవిడకీ తెలిసింది. రివాల్వర్ పళ్లేలవైపే ఉంది, కానీ తల మాత్రం వెనక్కి తిప్పి, అద్దాల్లో మమ్మల్ని వెతుక్కుని, మొదటి మార్కు వచ్చిన స్కూలు పిల్లలా నవ్వారు. నేనేం చేశానో తెలుసా? చెయ్యెత్తి టాటా చెప్పాను.

"ఏం జేస్తున్నవ్ చెల్లె, చెయ్యి దించు, టైం నడుస్తున్నది" అని అన్నయ్య నా చెయ్యి పట్టి కిందికి లాగాడు. మామాకి అప్పటికి స్పృహ వచ్చింది. మిగిలిన పళ్లేలన్నీ ఒక్కటీ తప్పకుండా కొట్టారు. కానీ తమ్ముడు దాటేశాడు. ఎంతలో దాటాడయ్యా అంటే, సరిగ్గా ఆ నవ్వంతలో.

క్లబ్బు క్యాంటీన్‌లో అక్కాతమ్ముళ్లు ఎదురెదురుగా కూర్చున్నారు. మేము పక్క బల్ల దగ్గర చోటు చూసుకున్నాం. మామా రివాల్వర్ పెట్టెని బల్ల మీద ఆయనవైపు జరిపారు. మొహం మామూలుగానే ఉంది. ఆయన మీసం దువ్వుకుని, పెట్టె మీద చెయ్యి వేసి, "ఆ పొట్టి తూటాలు కూడా ఇవ్వక్కా. ఇవాళ చూశాను, అవే బాగున్నాయి" అన్నారు.

మామా సంచీని ఒళ్లోకి లాక్కున్నారు. "రివాల్వర్ నాన్నది. గెలిచావు, తీసుకుపో. ఇవి నావి. ఒక్కటి కూడా ఇవ్వను."

"అక్కా, అవి లేకుండా ఇది నాకెందుకు?"

"అది నువ్వు ఆలోచించుకో. నేను ఈ బల్ల ముందు కాళ్లు పీక్కుపోయేలా నిలబడి కనిపెట్టుకున్నాను" అన్నారు, ఎదురుగా ఉన్నది మా ఇంటి బల్ల కాదని మరిచిపోయి.

ఆయన పెట్టెని నెమ్మదిగా వెనక్కి జరిపి, "నాన్న సరిగ్గానే ఇచ్చాడు" అని, లేచి వెళ్లి ఇద్దరికీ టీ తెచ్చారు. మాక్కూడా తెచ్చారు. తిరుగు దారిలో కారులో మామా కిటికీకి తల ఆనించి, "ఆ నిమిషంలో నేనెక్కడికి వెళ్లిపోయానో నాకే తెలియదు" అన్నారు. ఆవిడ నన్ను తిట్టే హక్కు ఆ రోజుతో పోయిందని నేను మురిసిపోయాను. (పోలేదు. మర్నాడు పాలు పొంగించినందుకు చక్కగా తిట్టారు.)

ఇప్పుడు నేను కువైట్‌లోనే, మహబూలాలో ఉంటున్నాను. పెళ్లయింది, చిన్నపిల్లల బడిలో ఆయా పని. పిల్లలు పడుకున్న మధ్యాహ్నం వేళ గోడకి ఆనుకుని కూర్చుంటే, ఆ రోజుల్లో అంతలేసి కలలు ఏం కన్నానా అని గుర్తుచేసుకోబోతాను. ఒక్కటీ గుర్తురాదు. ఏ ఊరు వెళ్లిపోవాలనుకున్నానో, ఎవర్ని చూడాలనుకున్నానో అంతా చెరిగిపోయింది. కళ్లు మూస్తే ఆ చల్లటి గదే కనిపిస్తుంది. అందులో మా మామా, అన్నయ్య, మోకాళ్ల మీద కూర్చుని ఎటో చూస్తున్న ఒక పిల్ల. నీ కల ఇదేనే, ఇప్పుడు నువ్వు ఉన్నదే, అని దాన్ని తట్టి చెబుదామనిపిస్తుంది. మళ్లీ పోనీలే, లేపడం ఎందుకని నవ్వుకుని ఊరుకుంటాను.