తప్పు దాచుకోని మల్లయ్య మేస్త్రీ

మదీనాగూడ బాటపక్క మోటారు షెడ్డు నడిపిన మల్లయ్య మేస్త్రీ మొన్న సోమవారం మధ్యాహ్నం పట్నం దవాఖానలో కన్నుమూశాడు. ఆ ఉదయమే ఆయన మంచం పక్కన కూర్చుని హఫీజ్‌పేట బడికి తిరిగివచ్చాను. పిల్లలకు ఎక్కాలు చెబుతుండగా కబురు అందింది. ఏ ఎక్కం దగ్గర ఆగానో గుర్తులేదు. నా భార్య సుగుణ మరణానికి కారకుడైన మనిషిని నేను స్మరించడమేమిటని కొందరు అడిగారు. అందుకే ఈ నాలుగు మాటలు.

మల్లయ్య అక్షరజ్ఞానం లేని యంత్రజ్ఞుడు. బండి మలుపు తిరగకముందే, శబ్దాన్నిబట్టి దాని రుగ్మత చెప్పేవాడు. "ఇంజన్ అబద్ధమాడదు పంతులూ, నడిపేటోడే ఆడ్తడు" అనేవాడు.

సంస్థానానికి బయటినుంచి పెట్రోలు రాక స్తంభించిన రోజుల్లో, చెరకు మడ్డి నుంచి తీసిన సారాను పెట్రోలులో కలిపి అమ్మేవారు. పాత కార్లకు అది ప్రాణగండమైంది. టాంకీలో ఏళ్లుగా పేరుకున్న తుప్పును, జిగురును ఆ సారా కడిగి ఇంజను గొట్టాల్లోకి దింపి, వాటిని మూసేసేది. ముందు టాంకీ శుభ్రం చేయనిదే ఆ పెట్రోలు పోయరాదని మా ప్రాంతంలో అందరికంటే ముందు గ్రహించినవాడు మల్లయ్యే.

సుగుణకు నొప్పులు మొదలై, బిడ్డ అడ్డం తిరిగిందని మంత్రసాని చేతులెత్తేసిన నాడు ఊరి పటేలు తన పాత కారు ఇచ్చాడు. మల్లయ్య పెట్రోలు పోసి తానే నడిపాడు. కూకట్‌పల్లి దాటగానే కారు ఆగిపోయింది. ఆయన సన్నని పెట్రోలు గొట్టం విప్పి, నోటితో ఊది, మళ్లీ బిగించాడు. ఫర్లాంగు నడిచి మళ్లీ ఆగింది. నాలుగోసారి ఆగినప్పుడు సుగుణ నా చెయ్యి పట్టుకుని "ఇంకెంత దూరమున్నది?" అని అడిగింది. దగ్గరికొచ్చామన్నాను. ఎద్దుబండి దొరికేలోపల తల్లీ, కడుపులోని బిడ్డా ఇద్దరూ దక్కకుండా పోయారు.

అందరూ విధి అన్నారు. పటేలు పెట్రోలును తిట్టాడు. నేనూ అంతే అనుకున్నాను. కర్మకాండ ముగిసిన మర్నాడు మల్లయ్య వచ్చి గడప అవతల నిలబడ్డాడు.

"పంతులూ, టాంకి కడగాలెనని నాకెరికె. గంట పడ్తది. అమ్మ తండ్లాట సూడలేక అట్లనే పోసిన. తప్పు నాది."

"నేను అడిగిన్నా నిన్ను? ఎందుకొచ్చి చెప్తున్నవ్?"

"అమ్మ ఎందుకు పోయిందో నీకు తెల్వాలె. దాసుకుంటే నాకు బువ్వ దిగుతలేదు."

"పో. నా కండ్ల ముందల పడకు" అన్నాను. తల వంచుకుని వెళ్లిపోయాడు.

కొన్ని నెలల తరువాత ఆ షెడ్డు ముందునుంచి నడిచిపోతూ ఒక దృశ్యం చూశాను. టాంకీ కడగనిదే పెట్రోలు పోయనన్నందుకు ఒక జాగీర్దారు మనిషి మల్లయ్య చెంప పగలగొట్టాడు. మల్లయ్య చెంప తడుముకుని, "కొట్టుండ్రి, పడ్త. కడగంది మాత్రం పొయ్య" అని టాంకీ కింద బకెట్టు పెట్టాడు. ఆనాడు నా అంతట నేనే లోపలికి వెళ్లి కూర్చున్నాను. తరువాత సాయంకాలాలు అక్కడే గడిచేవి. క్షమించానన్న మాట మాత్రం నా నోట రాలేదు. ఆయన అడగనూలేదు.

గతవారం పట్టపగలు, ఇంజను భాగాలను వట్టి సారాలో కడుగుతుంటే అది ఆయన బట్టలమీద ఒలికింది. పక్కనున్న డ్రైవరు బీడీ వెలిగించాడు. సారా మంట ఎండలో కంటికి ఆనదు. మేస్త్రీ ఎందుకు నేలమీద పొర్లుతున్నాడో చుట్టూ ఉన్నవారికి అర్థం కాలేదట. నీళ్లు తెచ్చేసరికి దేహం సగం కాలిపోయింది.

ఆ చివరి ఉదయం ఆయన చెవి దగ్గరకు వంగి, ఇన్నాళ్లూ రాని మాట చెప్పబోయాను. "మల్లయ్యా, ఆ దినం నీ జాగల నేనున్నా అట్లనే పోసేటోణ్ణి."

ఆయన కళ్లు మూసుకునే తల అడ్డంగా ఊపాడు. "కాదు పంతులూ. నువ్వు ఎరుక లేక పోసేటోనివి. నేను ఎరికుండి పోసిన."

నేనివ్వబోయిన ఊరటను కూడా స్వీకరించకుండా వెళ్లిపోయిన సత్యసంధుడాయన. నిన్న మూసిన షెడ్డు ముందు ఒక పాత కారు ఆగింది. డ్రైవరు హారను కొట్టి, ఎవరూ రాకపోయేసరికి డబ్బాలోని పెట్రోలు తానే పోసుకుని పట్నం వైపు సాగిపోయాడు. అడ్డుపడి ఆపేవాడు ఈ బాటలో ఇక లేడు. మల్లయ్యా, సుగుణ పేరిటా నా పేరిటా నీకు చేతులు జోడిస్తున్నాను.