మీటరు ఉల్టా తిరుగుతోంది అన్నాను

నేను ఒక నిజం చెప్పి ఒక మనిషిని ఊరు దాటించాను. ఈ వాక్యం రాయడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది. అబద్ధం చెప్పి ఉంటే ఎప్పుడో ఒప్పుకునేవాణ్నేమో. చెప్పింది నిజం కాబట్టి, తప్పు నాది కాదని నాకు నేనే నచ్చజెప్పుకుంటూ, ఆ బరువును గుండె మీద పెట్టుకుని తిరిగాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

ఆర్మూర్‌లో మార్కెట్ యార్డుకు పోయే దారిలో నాకు మోటార్ల వైండింగ్ దుకాణం ఉండేది. పెద్దగా చదువుకోలేదు. కానీ లెక్కంటే ఇష్టం. ఆ రోజుల్లో అన్ని ఇళ్లలోనూ చక్రం తిరిగే మీటర్లే. చక్రం అంచున ఎర్ర గీత ఉంటుంది. ఆ గీత వచ్చిపోయే వేగం చేతి గడియారంతో చూసి, లోపల ఏమేం నడుస్తున్నాయో గుమ్మంలో నిలబడే చెప్పేవాణ్ని. "మీ ఫ్రిజ్ తలుపు సరిగ్గ పడ్తలేదు, రబ్బరు మార్పియ్యుండ్రి" అంటే జనం నోరు తెరిచేవారు. ఆ తెరిచిన నోళ్ల మీదే నేను బతుకుతున్నానని అప్పట్లో నాకు తెలియదు.

గంగాధర్ పని నేర్చుకున్నది నా దగ్గరే. తర్వాత మస్కట్ పోయాడు. అక్కడ ఎడారిలో, కరెంటు తీగలు పోని చోట్ల, సోలార్ పలకలతో నడిచే పంపుల దగ్గర పని. రెండు వేల దశకం నడిమధ్యలో తిరిగొచ్చాడు. ఇక పోనన్నాడు. "నా బిడ్డ శిరీష నన్ను మామ అంటుంది కాకా. ఇంక చాలు గల్ఫ్" అని నవ్వాడు. ఆ నవ్వు వెనక ఏముందో నాకు అర్థమైంది. అర్థమయ్యాకే చేశాను, నేను చేసింది.

ఇంటి మీద పలకలు పెట్టాడు. కింద బ్యాటరీలు, గోడకు అక్కడి నుంచి తెచ్చుకున్న మిషన్, పలకల కరెంటును ఇంటి కరెంటుగా మార్చేది. ఎండ ఉన్నంతసేపు పలకల కరెంటుతో ఇల్లు నడిచేది, బ్యాటరీలు నిండేవి. కరెంటు కోత సమయంలో వీధి మొత్తం విసనకర్రలతో అరుగుల మీద కూర్చుంటే ఆ ఇంట్లో ఫ్యాను తిరిగేది. క్రికెట్ ఉందంటే వాళ్ల హాలు నిండిపోయేది. నేనూ వెళ్లి గోడకు ఆనుకుని నిలబడేవాణ్ని. ఆట చూసేవాణ్ని కాదు. ఆ మిషన్ వైపు, దాని చిన్న పచ్చ లైటు వైపు చూసేవాణ్ని.

ఒకరోజు బాల్కొండ నుంచి ఒక రైతు నా దుకాణంలోకి వచ్చాడు. కాలిన మోటారు తెచ్చాడనుకుని లేచి నిలబడ్డాను. పంపు పని ఉంది, గంగాధర్ ఇల్లెక్కడ అని అడిగాడు. దారి చెప్పాను. సరిగ్గానే చెప్పాను.

పసుపు సీజనులో కొమ్ములను పాలిష్ పట్టే డ్రమ్ముల నుంచి లేచే దుమ్ము మా ఊళ్లో అన్నింటి మీదా పడుతుంది. పలకల మీద పడితే కరెంటు తగ్గుతుంది. గంగాధర్ భార్య లత రోజూ పొద్దున పాత చీర ముక్క తడిపి వాటిని తుడిచేది. నేను దుకాణానికి పోతూ తలెత్తి చూసేవాణ్ని. తుడవకపోతే ఆ రోజు నాకు మనసు తేలికగా ఉండేది. ఒక ఇంటి మీద దుమ్ము పడాలని కోరుకునే మనిషిని ఏమంటారు?

ఒక మధ్యాహ్నం గంగాధర్ దుకాణానికి వచ్చాడు.

"కాకా, జర ఇంటికి రా. ఒకటి చూపిస్త. ఇంకెవ్వరికి చూపియ్యలె."

నేరుగా మీటరు ముందుకు తీసుకుపోయాడు. చక్రం వెనక్కి తిరుగుతోంది. నా బతుకంతా ఆ ఎర్ర గీతను ఎడమ నుంచి కుడికి పోతుండగానే చూశాను. అది కుడి నుంచి ఎడమకు, తొందర లేకుండా, పోతోంది. అందంగా ఉంది. ఆ మాట అతనితో అనలేదు.

"బ్యాటరీలు నిండినయ్. ఇంట్ల వాడంగ మిగిలింది బయటికి పోతుంది కాకా, స్తంభం దిక్కు. పక్కింటోళ్ల ఫ్యాను గిప్పుడు మన ఎండకే తిరుగుతుండొచ్చు."

"మరి లైన్ల కరెంటు పోతే? సాయిలు స్తంభం ఎక్కితే?" అన్నాను. సాయిలు మా వీధి లైన్‌మన్.

"అప్పుడు బయటికి పోవుడు దానంతల అదే బందైతది. కోత టైమైంది, నువ్వే చూడు."

కాసేపటికి కోత వచ్చింది. స్తంభం వైపు పోయే తీగ మీద నేనే టెస్టర్ పెట్టాను. వెలగలేదు. లోపల ఫ్యాను తిరుగుతూనే ఉంది. మిషన్ గొప్పది. దాన్ని కూర్చిన చెయ్యి గొప్పది. ఆ చేతికి మొదట స్క్రూడ్రైవర్ ఇచ్చింది నేను. మరి గర్వం ఎందుకు రాలేదు?

గంగాధర్ గొంతు తగ్గించాడు. "కాకా, గిది ఆఫీసుల చెప్పాల్నా? మీటర్ల అంకె తగ్గుతుంది. రేపు మనం దొంగల లెక్క కనవడొద్దు. నువ్వెట్లంటే గట్ల."

"వాళ్లకేం సమజైతది రా? ఊకో. ఎవ్వరికి చెప్పకు."

"గంతేనంటవా?"

"గంతే."

అప్పుడే నా మనసులో ఉందా? లేదనే అనుకుంటూ వచ్చాను. కానీ చెప్పమని అంటే సరిపోయేది కదా. ఆఫీసులో చెబితే పెద్దసారు వచ్చి చూస్తాడు, మెచ్చుకుంటాడు, ఊరంతా తెలుస్తుంది. అది నాకు ఇష్టం లేదు. అందుకే ఊకోమన్నాను. అక్కడిదాకా నాకు స్పష్టంగా తెలుసు.

కొన్నాళ్లకు చాయ్ హోటల్లో సాయిలు నన్ను పట్టుకున్నాడు.

"ఏంది కాకా, నీ శిష్యుడు మస్తు మొనగాడైండు. మా ఇంటామె గూడ గాయన్నే పిలువుమంటుంది. ఇగ నీ దుకాణం పసుపు ఆరబోసుకోనీకె కిరాయికియ్యి!"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. గ్లాసు కింద పెట్టి అన్నాను:

"గాయన ఇంట్ల మీటర్ ఉల్టా తిరుగుతుంది. నా కండ్లతోటి చూసిన."

నవ్వు ఆగిపోయింది.

మా ఊళ్లో ఆ మాటకు ఒక్కటే అర్థం. మీటర్ ఉల్టా అంటే దొంగ కరెంటు. మీటరు విప్పి తీగలు మార్చి అంకెను వెనక్కి నడిపేవాళ్లు అక్కడక్కడా ఉండేవారు, పట్టుబడేవారు. మీటర్ ఉల్టా అంటే చిన్నపిల్లలకు కూడా ఆ పనే గుర్తొస్తుంది. నాకు తెలుసు. ఇంకో ముక్క చెబితే చాలు, మిగిలిన కరెంటు బయటికి పోతోంది కాబట్టి తిరుగుతోందని. ఆ ముక్క నాలుక చివరిదాకా వచ్చింది. చాయ్ తాగేశాను.

ఆ మాట ఆఫీసుదాకా పోయింది. కరెంటోళ్లు పట్టపగలే జీపులో వచ్చారు. వీధంతా పోగైంది. మీటరుకు సీలు వేసి ఊడదీశారు. "ఇంత పెద్ద మిషన్ పెట్టి ఆఫీసుల ఎందుకు చెప్పలేదు?" అని అడిగాడు సారు. గంగాధర్ గుంపులో ఉన్న నా వైపు చూశాడు. చాలాసేపు చూశాడు. నా పేరు చెప్పలేదు. "నాదే తప్పు సార్" అన్నాడు.

సాయిలే నన్ను ముందుకు తోశాడు. "గీ కాకకు ఎరుకుంటది సార్. మీటర్లు చదువుతడు."

సారు నా వైపు తిరిగాడు. శిరీష తండ్రి చెయ్యి పట్టుకుని నిలబడి ఉంది. అప్పటికి నాన్నా అనడం నేర్చుకుంది.

"గల్ఫ్ మిషన్ సార్. నాకేం ఎరుక?" అన్నాను.

కరెంటు గురించి తెలియదని నేను అన్నది నా జన్మలో అదొక్కసారే.

కేసు అయింది. ఆ తర్వాత అతణ్ని ఊరంతా ఉల్టా గంగాధర్ అన్నారు. ఇంట్లోకి పనికి పిలవడం మానేశారు. అలా మానేసినవాళ్లు మళ్లీ నా దుకాణానికి వచ్చారు. వానలు పడకముందే గంగాధర్ మస్కట్ పోయాడు. లత పలకలు తుడవడం మానేసింది. మరుసటి సీజనుకు అవి పసుపు దుమ్ముతో మందం కట్టాయి. నేను కోరుకున్న దుమ్మే. తలెత్తకుండా నడవడం అలవాటు చేసుకున్నాను.

సాయిలు ప్రాణం కోసం చెప్పాననుకుందామని చాలాసార్లు చూశాను. స్తంభం ఎక్కే మనిషికి అపాయం కదా, అందుకే కదా అని. కానీ టెస్టర్ పట్టుకున్న చెయ్యి నాది. వెలగలేదని చూసిన కళ్లు నావి. ఆ సాకు నిలబడలేదు. అసూయ అన్న మాట ఒక్కటే నిలబడింది.

గంగాధర్ ఇప్పటికీ సెలవుకు వస్తాడు. "మంచిగున్నవా కాకా?" అంటాడు. అతనికి తెలుసో లేదో నాకు తెలియదు. అడిగే ధైర్యం లేదు.

ఈమధ్య శిరీష పిలిచింది. పెళ్లయి ఈ ఊళ్లోనే ఉంటోంది. ఇంటి మీద కొత్త సోలార్ వేయించింది. ఇప్పుడు ఆఫీసువాళ్లే వచ్చి మీటరు పెడుతున్నారు. చక్రం లేదు, అంకెలే.

"గీ రెండు అంకెలేంది తాతా?"

"ఒకటి మీరు తీసుకున్నది. ఇంకొకటి మీరు బయటికిచ్చింది."

ఆ పిల్ల కాసేపు మీటరునే చూసింది. "మరి మా నాన్న గప్పుడు ఇచ్చింది ఎవ్వలు లెక్కవెట్టిండ్రు తాతా?"

నేను చూశానమ్మా అనాలి. ఎండగా ఉందని చెప్పి వచ్చేశాను.

అందుకే ఇది. క్షమించమని అడగడం లేదు. అడగవలసింది మిమ్మల్ని కాదు. చాయ్ హోటల్లో సగంలో ఆపేసిన మాటను పూర్తి చేస్తున్నాను, అంతే. గంగాధర్ ఇంట్లో మీటరు ఉల్టా తిరిగింది. అతను తీసుకున్నందుకు కాదు, ఇచ్చినందుకు తిరిగింది. అది నాకు తెలుసు.