ఫైలు పోయిందా?

చెన్నైలోని మా ఆఫీసులో మెయిన్‌ఫ్రేమ్ అనే పాతకాలపు పెద్ద కంప్యూటర్ మీద పనిచేసేవాళ్ళం కొద్దిమందిమే మిగిలాం. పక్క హాల్లోని కుర్రకారు మమ్మల్ని డైనోసార్లంటారు. అననివ్వండి. వాళ్ళ యాప్‌లన్నీ చివరికి మా పాత యంత్రం దగ్గరికే వచ్చి చెయ్యి చాపుతాయి. పోయినేడు శ్రీకాకుళం నుంచి ఒక అమ్మాయి మా జట్టులో చేరింది. ఆమెకిది మొదటి ఉద్యోగం. చెల్లెలికి ఇక్కడి కాలేజీలో సీటొచ్చింది. ప్రొబేషన్ ముగిసి తన ఉద్యోగం పర్మనెంటయితేనే చెల్లెల్ని తెచ్చుకోగలదు.

ఆపరేషన్లకు అనుమతి వచ్చిన రోగుల జాబితాను రోజూ పొద్దున ఒక బీమా కంపెనీకి పంపడం ఆమె పని. ఒక శుక్రవారం, ఫైలు రాలేదని వాళ్ళు ఫోన్ చేశారు. మా మేనేజర్ నేరుగా ఆ అమ్మాయి సీటు దగ్గరికి వెళ్ళారు.

“ఏమ్మా, పొద్దున ఫైలు పోయిందా?”

“నేదు సార్, పోనేదు.”

“అది ముందే చెప్పేదానికేం మా?” అని విసుక్కుని, మావాళ్ళు పంపడం మరిచారని కంపెనీకి మెయిల్ పెట్టేశారు. తర్వాత నాతో, “ఈ అమ్మాయిని పర్మనెంట్ చేసేది కష్టం. సోమవారం చూస్తాం,” అన్నారు.

నేను వెళ్ళేసరికి ఆ అమ్మాయి ఏడుస్తోంది.

“ఫైలు పంపించీసేనక్కా. పోనేదని సార్‌కి చెప్పేను కదా. మరి నా తప్పేటి?”

అప్పుడు వెలిగింది నాకు. మేనేజర్‌ది తరాలుగా సౌకార్‌పేటలో వ్యాపారం చేసుకుంటున్న తెలుగు కుటుంబం. ఆయన పోయిందా అంటే వెళ్ళిందా అని. ఈ పిల్లకు అది పోగొట్టావా అన్నట్టు వినిపించింది. మా నాన్న సినిమాల్లో సౌండ్ పని చేసేవారు. కోడంబాక్కంలోని మా ఇంట్లో అన్ని జిల్లాలవాళ్ళూ భోంచేసేవారు కాబట్టి నాకు ఆ మాటకున్న రెండు అర్థాలూ తెలుసు. నవ్వూ వచ్చింది, ఒళ్ళూ మండింది. వెళ్ళి మేనేజర్‌కు చెప్పాను.

“మాట సరే. ఫైలు ఆడికి రాలేదంటున్నారే, దానికేం చెప్తావు?” అన్నారాయన. అడగవలసిన మాటే.

మెయిన్‌ఫ్రేమ్ తాను చేసిన ప్రతి పనికీ ఒక గుర్తు రాసి పెట్టుకుంటుంది. ఏ ఫైలు, ఎవరి పేరు మీద, ఎక్కడికి వెళ్ళింది, అవతలి యంత్రం ఏమని జవాబిచ్చింది, అన్నీ ఉంటాయి. వాటిని ఎస్‌ఎమ్‌ఎఫ్ రికార్డులంటాం. లక్షల్లో ఉంటాయి కాబట్టి కావలసినవి జల్లెడ పట్టి తీయాలి. ఆ అమ్మాయి ఐడీతో వెతికాను. ఏమీ రాలేదు. నిజం చెప్పాలంటే నేనే పొరబడి ఈ పిల్లకు ఆశ పెట్టానేమో అనిపించింది.

“అక్కా, ఫైలు పంపే జాబ్ నా ఐడీ మీద నడవదు కదా. టీమ్ ఐడీ మీద కదా,” అంది ఆమె, ముక్కు తుడుచుకుంటూ.

మళ్ళీ వెతికితే ఒకే ఒక్క వరస తేలింది. ఫైలు మొత్తం వెళ్ళింది. అందిందని అవతలి యంత్రం జవాబు కూడా ఇచ్చింది.

మేనేజర్ ఆ వరసను రెండుసార్లు చదివారు. కంపెనీకి ఫోన్ కలిపి, స్పీకర్ పెట్టి, “నువ్వే చెప్పు మా,” అంటూ తన కుర్చీ ఆమెకిచ్చారు. ఎప్పుడూ గొంతు పెగలని పిల్ల, తడబడకుండా ఇంగ్లీషులో వరసంతా చదివి వినిపించింది. అవతల కీబోర్డు టకటకలాడింది. తర్వాత దొరికిందన్నారు. వాళ్ళు కొత్త ఫోల్డర్‌కు మారి, ఆ సంగతి మాకు చెప్పడం మరిచారట. ఫైలు పాత ఫోల్డర్‌లో భద్రంగా ఉంది.

“తప్పు నాది మా,” అన్నారు మేనేజర్. “సోమవారం దాకా ఎందుకు, ఇప్పుడే సంతకం పెట్టిస్తా.”

ఆ అమ్మాయి వరండాలోకి వెళ్ళి ఇంటికి ఫోన్ చేసింది. వినకూడదనుకుంటూనే విన్నాను.

“అమ్మా, సెల్లికి టికెట్టు తీసీ,” అంటోంది. “ఒకవైపుకే తియ్యి. ఇక్కడే ఉంటాది.”