గోడ దూరానికి అద్దాలు

2023 ఎండాకాలం. సికింద్రాబాద్‌లో మార్కెట్ వెనక సందులో ఉన్న కళ్లద్దాల దుకాణంలో పనిచేస్తున్నాను. పదో తరగతితో బడి మానేసి అందులో చేరాను. తర్వాతి చదువంతా లైబ్రరీలోనే. అద్దం అరగదీయడం మా సేటు నేర్పాడు. అది వెలుతురును ఎందుకు వంచుతుందో పుస్తకాలు చెప్పాయి. ఆ మాట ఇప్పటికీ కాస్త గర్వంగానే చెప్పుకుంటాను.

అనసూయమ్మగారిది మౌలాలి. నర్సుగా చేసి రిటైరయ్యారు. కథలు రాస్తారు, పత్రికల్లో వస్తుంటాయి. ఆమెకు ప్రోగ్రెసివ్ లెన్స్ ఇచ్చాం. ఒకే అద్దంలో పైన దూరపు చూపు, కిందికి వచ్చేకొద్దీ దగ్గరి చూపు ఉండే రకం అది. కొన్నాళ్లకే మళ్లీ వచ్చారు.

“తమ్మీ, ఇవి వెట్టుకున్న కాడికెల్లి నాకు కథ వస్తలేదు.”

తలనొప్పి అన్నవాళ్లున్నారు, మెట్లు దిగలేకపోతున్నామన్న వాళ్లున్నారు. ఈ ఫిర్యాదు వినడం మాత్రం అదే మొదలు.

వెంట వచ్చిన భర్త రాజయ్యగారు నవ్వారు. “పరేషాన్ అద్దాలది కాదు బిడ్డా, వయసుది. నేను జెప్తే ఇనదు.”

ఆమె నవ్వలేదు. “గదే కావచ్చు. కథ సగంల ఆగింది. నువ్వు సుత అద్దాలు మంచిగున్నయంటే ఐతారం నాడు గోడ మీది కాయితాలన్ని పీకి రద్దీ పేపరోనికి ఏస్త. ఇగ రాసుడు బంద్.”

లెన్స్ పవర్ చూసే యంత్రం కింద పెట్టాను. డాక్టరు చీటీలో ఉన్నట్టే ఉంది. దూరంగా చార్టు చదివించాను, చేతికి పేపరు ఇచ్చాను. రెండూ తడబడకుండా చదివారు.

“గోడ ఏందమ్మా?” అని అడిగాను.

“రాసే బల్ల ముంగట గోడ. పేపర్ల ఏదన్న చూసి నిద్ర పట్టకుంటే కత్తిరించి అంటిస్త. తలెత్తి చూస్త, దించి రాస్త.”

“అవి కనిపిస్తున్నాయా?”

“మసకనే. గాని సదివినయే గదా. అందుల ఏమున్నదో నాకెర్కనే.”

నాకు సంగతి కొంత అర్థమైంది, వాళ్లకూ చెప్పాను. తలెత్తితే ఆమె చూపు అద్దం పైభాగంలోంచి పోతుంది. అది వీధిని చూసే భాగం. ఆమె గోడేమో చెయ్యి చాపితే అందేంత దగ్గర.

“ఇంతేనా? బల్ల మీద పర్సుకోరాదే,” అన్నారు రాజయ్యగారు.

“బల్ల మీద ఏస్తే కాయితాల కింద కాయితమైతది. గోడ మీద ఉంటె ఫోటోలల్ల మనుషులు నా దిక్కే చూస్తరు, ఏం రాసినవని. నీకేమెర్క.”

నేనూ ఆ సలహాయే ఇవ్వబోయి ఊరుకున్నాను.

లైబ్రరీలో ఒకప్పుడు చదివిన పాత పుస్తకం గుర్తొచ్చింది. అందులో వయొలిన్ వాయించేవాళ్ల అద్దాల గురించి ఒక పేజీ ఉంది. వాళ్లకు ఎదురుగా స్టాండు మీద కాగితం కనబడాలి, చేతిలో తీగలూ కనబడాలి. అలాంటివాళ్లకు బైఫోకల్ చేసి, పైభాగంలో వీధి దూరానికి బదులు స్టాండు దూరానికి సరిపడే పవర్ పెడతారు. బైఫోకల్ అంటే రెండు చూపులకు రెండు భాగాలున్న అద్దం.

ఆమె చెప్పిన ఆదివారం రాకముందే, శనివారం పొద్దున వాళ్లింటికి వెళ్లాను. బల్ల దగ్గర ఆమెను కూర్చోబెట్టి కళ్ల నుంచి గోడకు, కాగితానికి టేపు పట్టాను. ట్రయల్ ఫ్రేమ్ తొడిగాను. లెన్సులు మార్చి మార్చి చూసే బరువైన ఫ్రేమ్ అది. గోడకు సరిపడే లెన్స్ వేశాను.

“ఇప్పుడు పైకి చూడండమ్మా.”

కట్టడం పని చేసే ఒకావిడ ఎండలో తట్ట మోస్తున్న ఫోటో దగ్గర ఆమె చూపు ఆగింది.

“తమ్మీ, గీమె చెప్పులు చూడు. ఒక్క కాలుకు ఆడోల్లది, ఇంకో కాలుకు మొగోనిది.”

“అవునమ్మా.”

“వార్తల గిది రాయలే. మొగోని చెప్పు రెండోది ఎటు వోయింది? ఆయన ఏ చెప్పు ఏస్కొని పనికి వోయిండు?”

నన్ను కాదు అడిగింది. పెన్ను అందుకున్నారు. చదివిన వార్త నుంచి కథ ఎలా పుడుతుందని అడగాలని దుకాణంలో గోడ సంగతి విన్నప్పటి నుంచీ అనుకుంటున్నాను. ఆ రోజు అడిగే పని పడలేదు.

“అమ్మా, ఫ్రేమ్ ఇయ్యండి. దుకాణం తెరవాలి.”

“జెర ఆగు తమ్మీ.”

“కూసో,” అన్నారు రాజయ్యగారు లేస్తూ. “ఇగ చాయ్ నేనే వెట్టాలె.”

తర్వాత అదే కొలతతో బైఫోకల్ చేసిచ్చాను. వీధిలో పెట్టుకుని నడవొద్దని రెండుసార్లు చెప్పాను. అప్పటి నుంచి కొత్తగా ఎవరొచ్చినా ముందు పవర్ నంబర్ అడగను. రోజంతా దేన్ని చూస్తారో అడుగుతాను. అలా అడగమని ఆ పాత పుస్తకంలోనే ఉంది. అడగడం మాత్రం ఆమె దగ్గరే అలవాటైంది.

లైబ్రరీలో నేను రోజూ పేపర్లు తిరగేస్తాను. ఆ ఫోటో వచ్చిన రోజు నేనూ చూశాను, కింద వార్త కూడా పూర్తిగా చదివాను. నా కళ్లకు ఏ అద్దమూ అక్కర్లేదు. అయినా ఆ చెప్పులు నాకు కనబడలేదు.