గంటన్నర ముందున్న వాచీ

మొన్న బుధవారం పొద్దున మా పెద్దనాయన కొడుకు అన్నయ్య ఫోన్ చేసి, "నాయిన పోయిండు, ఎనిమిదిన్నరకు" అన్నాడు. అప్పుడు నేను చైతన్యపురి మెట్రో మెట్ల మీద ఉన్నాను. ఫోన్లో టైం చూస్తే ఏడు దాటి ఐదు నిమిషాలే. ఏడుపు కంటే ముందు నవ్వొచ్చింది, తప్పుగా అనుకోకండి. అన్నయ్య చూసింది పెద్దనాయన చేతి వాచీ.

ఆ వాచీ కథ తెలియాలంటే బ్యాంకాక్ దాకా పోవాలి.

పెద్దనాయన పోచంపల్లి నేతగాడు. దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల దుకాణం పెట్టాక కూడా నూలుకు ముడులు కట్టి రంగులద్దే పని మానలేదు. బ్యాంకాక్ దిక్కున కూడా ఇట్లాగే ముడులేసి నేస్తారని దుకాణానికొచ్చిన ఒకామె చెప్పింది. అంతే, ఆ ముడి చూడాల్సిందేనని కూర్చున్నాడు. అప్పటికే ఒక కన్ను మసకబారింది. రెండోది ఎన్నాళ్లుంటుందో చెప్పలేమన్నారు డాక్టరు.

నేను బడిలో లెక్కలు చెబుతాను. పెద్దనాయన నాతో బడి గ్లోబు తెప్పించుకుని ఎర్ర దారంతో కొలిచాడు. హైదరాబాద్ నుంచి ఢిల్లీకి పట్టిన దారానికి ఇంచుమించు రెండింతలు. "గింతేనా" అన్నాడు. విమానంలో మూడున్నర గంటలన్నాను. ఎల్‌బీనగర్ ట్రాఫిక్ కూడా కలుపుకోమని నా లెక్క సరిచేశాడు.

అబ్బ, ఏం ప్రయాణమది! కిటికీ సీటు నాదైతే ఆయనే లాక్కున్నాడు. పన్నెండుకు బయల్దేరితే అక్కడి గడియారాలు ఐదు చూపించాయి. అక్కడ పొద్దు మనకంటే ముందని చెప్పి, ఆయన వాచీని గంటన్నర ముందుకు జరిపాను.

ఊరి బయట ఒక నేత ఇంట్లో ముసలామె ముడులు కడుతోంది. పెద్దనాయన పిలవకుండానే పక్కన కూర్చుని, నూలు అందుకుని తనూ ఒకటి కట్టాడు. ఆమె దాన్ని గోటితో మీటి చూసి, తన ముడి పక్కన పెట్టింది. ఏది ఎవరిదో నాకు తెలియలేదు. ఒకరి మాట ఒకరికి రాకపోయినా ఇద్దరూ పొద్దుగూకేదాకా కట్టుకుంటూ కూర్చున్నారు. ఆ పూట నా కాళ్లు నేల మీద లేవు.

వచ్చేటప్పుడు అక్కడ పదికి బయల్దేరి, ఇక్కడ పన్నెండుకే దిగాం. "చూసినవా బిడ్డా, పొయ్యేటప్పుడు ఐదు గంటలు, వచ్చేటప్పుడు రెండే. ఇంటి దిక్కు మల్లితే ఎవలైనా జల్ది వస్తరు." నేను తల పట్టుకున్నాను. వాచీని వెనక్కి తిప్పబోతే చెయ్యి లాక్కున్నాడు. "ఉండనియ్. ఆమె మగ్గం మీద కూసునే యాళ్ల తెల్వాలె గద." అంటే లెక్క ఆయనకు మొదటి నుంచీ తెలుసు, నన్ను ఆడించాడు!

ఆ తర్వాత మాత్రం ఆ వాచీ చూసుకునే ప్రతి పెళ్లికీ ముందే వెళ్లి, భోజనాలు ఇంకా పెట్టలేదేమని అడిగేవాడు.

పోయిన వేళ ఎంతని పంతులు అడిగితే ఏడని చెప్పి, వాచీ తిప్పబోయాను. పెద్దమ్మ ఆపింది. ఇప్పుడది ఆయన నూలు చిలపలు వేలాడే మేకుకే ఉంది. ఈ పొద్దున చూశాను. మనకు ఇంకా ఆరే. వాచీలో ఏడున్నర. అక్కడ ఆమె ఈపాటికి మగ్గం మీద కూర్చుని ఉంటుంది.