బ్రెన్నర్ గారి కురచ కేసులు

జర్మనీలోని జిండెల్ఫింగెన్ ఊరి కార్ల ఫ్యాక్టరీలో ఇరవై రెండేళ్ళు కొలతల విభాగంలో పనిచేశాక, యాభై మూడో ఏట, ఒక ఏప్రిల్ నెలలో, ఆ పక్క ఊళ్ళోని చిన్న కంపెనీలో నాణ్యతా ఇంజనీరుగా చేరాను. తూటాలను ఇంట్లో తిరిగి నింపుకునే పరికరాలు అక్కడ తయారయ్యేవి. ఆ దేశంలో షూటింగ్ క్లబ్బు సభ్యులు కొందరు శిక్షణ పొంది, మందుగుండు లైసెన్సు తీసుకుని, పేల్చాక మిగిలే తూటా ఇత్తడి తొడుగుల్నే, అంటే కేసుల్నే, మళ్ళీ వాడుకుంటారు. గుండు కూర్చోవడానికి కేసు మూతిని కాస్త వెడల్పు చేస్తారు. చివర్లో డై అనే ఉక్కు అచ్చు ఆ మూతిని తిరిగి నొక్కుతుంది. అది సరిగా నొక్కకపోతే తూటా పిస్తోలు గొట్టంలోకి పూర్తిగా దిగదు. ఆ డైలను పరీక్షించి, వాటితో పంపే సూచనలు రాసి, సంతకం పెట్టడం నా పని.

చేరిన ఐదో నెలలో బ్రెన్నర్ అనే రిటైరైన ట్రామ్ డ్రైవర్ నుంచి ఫిర్యాదు వచ్చింది. మా డైతో నింపిన తూటాలు పదింట రెండు మూడు ఇరుక్కుంటున్నాయట. అదే రకం డైతో నేను యాభై కొత్త కేసులు నొక్కి చూశాను. అన్నీ దిగాయి. లోపం ఆయన డైని అమర్చిన తీరులోనే ఉందని ఉత్తరం రాసి పంపాను.

ఆయన ఫోన్ చేశారు. గొంతులో కోపం లేదు. వయసు మీదపడి తన చేతులు వణుకుతున్నాయని క్లబ్బులో ముందే అనుకుంటున్నారనీ, నా ఉత్తరం చూశాక తూటాలు నింపడం మానెయ్యమన్నారనీ చెప్పారు.

ఆ మాట ఇంట్లో చెబితే మా ఆవిడ సుజాత, "ఆయన కేసులు చూడకుండానే ఎలా రాసేశారండీ? ఆయనకి వీలైన రోజుకి ఒక టెర్మిన్ అడిగి వెళ్ళి రండి," అంది.

"ప్రోబెట్సైట్ ఇంకో నెల ఉంది, ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. తప్పు నాదని తేలితే ఉద్యోగంలో ఉంచుతారా?"

"మీరు వెళ్ళకపోతే ఆయన మాట ఎవరు నమ్ముతారు?"

శనివారం బ్రెన్నర్ గారింటికి వెళ్ళాను. ఇరుక్కున్న ప్రతి తూటానూ ఆయన పారేయకుండా, తేదీ వేసి డబ్బాలో దాచారు. కొలిచి చూస్తే వాటి మూతులు ఇంకా వెడల్పుగానే ఉన్నాయి. తర్వాత ఖాళీ కేసుల పొడవు కొలిచాను. చాలాసార్లు పేల్చినవి కొత్తవాటికన్నా కురచగా ఉన్నాయి. అందుకే అవి డై లోపల మూతిని నొక్కే చోటు దాకా చేరడం లేదు. డైని ఒక్కసారి అమర్చితే చాలని సూచనల కాగితంలో రాసింది నేనే.

ఇద్దరం కేసుల్ని పొడవు వారీగా కుప్పలు చేశాం. ఒక్కో కుప్పకీ డైని మళ్ళీ అమర్చి తూటాలు నింపాం. విడదీసిన పిస్తోలు గొట్టంలో వేస్తే ప్రతి తూటా తన బరువుకే టక్కున దిగింది, తిప్పితే జారి బయటికి వచ్చింది. బ్రెన్నర్ గారు కాఫీ పోసి నా ముందు పెట్టారు. ఉత్తరం ఊసే ఎత్తలేదు.

సోమవారం మేనేజరుకు అంతా చెప్పాను. ఆమె నన్నే సూచనలు తిరగరాసి, డై కొన్నవారందరికీ పంపమన్నారు. పొరపాటు నాదేనని క్లబ్బుకు నా సంతకంతో వేరే ఉత్తరం రాశాను. బ్రెన్నర్ గారు మళ్ళీ తూటాలు నింపుకోసాగారు. నా ఉద్యోగమూ ఖాయమైంది.

ఆయన ఆ తూటాలు పారేసి ఉంటే నా తప్పు నాకెప్పటికీ తెలిసేది కాదు. ఆ తర్వాత పదవీ విరమణ దాకా ఏ పరికరాన్నీ కొత్త సరుకుతో మాత్రమే పరీక్షించలేదు. తప్పు వాడినవారిదని రాసేముందు వారు పనిచేస్తుండగా ఒకసారి చూడాలని నేను నేర్చుకున్నది ఆయన దగ్గరే.